టార్పన్‌కు గాలం వేయాలంటే

టార్పన్ గాలపు వేటగాళ్లు కలలుగనే చేప. మనిషి పొడవును మించే ఒళ్లు, అరచేతిని దాదాపు కప్పేసే వెండి పొలుసులు, గాలం గుచ్చుకున్న మరుక్షణం నీళ్లను చీల్చుకుని నిలువునా పైకి లేచే బలం, ఇవన్నీ ఒక్క చేపలో కలవడం అరుదు. అమెరికాలోని ఫ్లోరిడా తీరంలో దీనికి వెండి రాజు అని పేరు. అక్కడ దీన్ని వెంటాడేది కూర కోసం కాదు. ఒళ్లంతా ముళ్లు, మాంసానికి గిరాకీ లేదు. 1885లో న్యూయార్క్ వాసి డబ్ల్యూ.హెచ్. వుడ్ ఫ్లోరిడాలోని పుంటా రాసా దగ్గర 93 పౌండ్ల టార్పన్‌ను రాడ్డు, రీలుతో పట్టాడు. అంతకుముందు దాన్ని బల్లెంతో పొడిచేవారే తప్ప, సన్నని దారానికి లొంగుతుందని నమ్మినవారు తక్కువ. ఆ వార్త పాకాక ఫ్లోరిడా పడమటి తీరానికి వేటగాళ్లు బారులు తీరారు. సముద్రంలో పెద్ద చేపలను ఆటగా పట్టే క్రీడ బలపడటానికి ఆ సంఘటన ఒక మూలం.

ప్రపంచంలో టార్పన్లు రెండే రకాలు. అట్లాంటిక్ టార్పన్ రెండున్నర మీటర్ల దాకా పెరుగుతుంది. గాలపు వేట రికార్డులు నమోదు చేసే అంతర్జాతీయ సంస్థ ఐజీఎఫ్ఏ లెక్కల్లో అన్నిటికంటే పెద్దది 2003లో పశ్చిమాఫ్రికాలోని గినీ బిస్సావు దేశంలో, రూబాన్ దీవి దగ్గర పడింది. దాని బరువు దాదాపు 130 కిలోలు. రెండోది ఇండో పసిఫిక్ టార్పన్. తూర్పు ఆఫ్రికా నుంచి పసిఫిక్ దీవుల దాకా, మధ్యలో మన బంగాళాఖాతంతో సహా, వెచ్చని తీరాలన్నిటా ఇది ఉంటుంది. పుస్తకాల్లో మీటరున్నర దాకా పెరుగుతుందని రాసి ఉన్నా, గాలానికి పడేవి అర మీటరు లోపువే ఎక్కువ. వెన్ను రెక్కలో చివరి పుల్ల దారంలా సాగి తోకవైపు వేలాడుతూ ఉండటం రెండింటికీ గుర్తు.

విజయనగరం జిల్లాలోని చీపురుపల్లి సముద్రం ఒడ్డున లేదు. అయితే దక్షిణంగా ముప్పై కిలోమీటర్ల పైచిలుకు పోతే చంపావతి సముద్రంలో కలిసే కోనాడ వస్తుంది. తూర్పున శ్రీకాకుళం పట్నాన్ని ఒరుసుకుంటూ నాగావళి పారుతుంది. దానికి అవతల కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలుస్తుంది. నదులు సముద్రంలో కలిసే ఈ మొగలూ, వాటి వెనక ఉప్పునీరూ మంచినీరూ కలిసే మడుగులూ ఇండో పసిఫిక్ టార్పన్‌కు నప్పే చోట్లు. ఇది నిన్నమొన్న తెలిసిన సంగతి కాదు. 1780లలో విశాఖపట్నంలో ఉన్న వైద్యుడు ప్యాట్రిక్ రస్సెల్ అక్కడి చేపలను సేకరించి, బొమ్మలు గీయించి, 1803లో లండన్‌లో రెండు సంపుటాలుగా అచ్చువేయించాడు. చాలా చేపలకు ఆయన ఇక్కడివాళ్ల నోట విన్న పేర్లనే ఉంచాడు. ఆ గ్రంథంలో టార్పన్ పేరు కుండింగ. ఉత్తరాంధ్ర తీరపు చేపల మీద అంత శ్రద్ధగా పని జరిగి రెండు వందల ఏళ్లు దాటింది. ఆ పుస్తకం ఈ ప్రాంతపు బడి పిల్లల కంట పడకపోవడం నిజంగా లోటు.

చీపురుపల్లిలో ఉండి ఈ విద్య నేర్చుకోవాలనుకునేవారికి దారి సుగమంగానే ఉంది. చేయి తిప్పడం ఊళ్లోనే నేర్వవచ్చు. కుండింగ మీద గాలపు మెళకువ మొగల దగ్గర పట్టుబడుతుంది. పెద్ద టార్పన్ ఎప్పుడో ఒకనాడు, సముద్రాలు దాటాక. చిన్నదానికీ పెద్దదానికీ బరువులో పోలిక లేకపోయినా ఒంటి కట్టు ఒక్కటే. టార్పన్ వేటలోని ప్రతి నియమమూ ఆ కట్టు నుంచే పుట్టింది కాబట్టి, దాన్ని అర్థం చేసుకోకుండా రాడ్డు కొనడం దండగ.

చేప ఒంటి కట్టు

టార్పన్ కింది దవడ ముందుకు పొడుచుకొచ్చి, నోరు పైకి తెరుచుకుంటుంది. తనకంటే పైన కదిలే చిన్న చేపను కిందినుంచి వచ్చి అందుకునే నోరు అది. అందుకే ఎరను చేప ఉన్న లోతు కంటే కాస్త పైన, దాని ముందు నుంచి నడిపించాలి. వెనకనుంచి తల వైపు దూసుకొచ్చే ఎరను చూస్తే టార్పన్ బెదిరి పారిపోతుంది. తనను తరుముకొచ్చే చిన్న చేప దానికి సృష్టిలో ఎక్కడా తారసపడదు.

నోటి లోపల దాదాపు అంతా ఎముకే. గాలం దిగడానికి మెత్తని చోట్లు చాలా తక్కువ. వాటిలో నమ్మకమైనది దవడ మూల. పెద్ద టార్పన్లు తప్పించుకుపోయే సందర్భాల్లో అధికభాగం దారం తెగి కాదు, గాలం ఎముక మీద జారి.

కళ్లు చాలా పెద్దవి. చీకటి పడుతున్నప్పుడూ, తెల్లారకముందూ వెలుతురు తక్కువగా ఉన్న నీళ్లలో అది హాయిగా వేటాడుతుంది. అదే కన్ను ఎండపొద్దున తేట నీళ్లలో లావుపాటి దారాన్నీ పసిగడుతుంది.

అన్నిటికంటే విశేషం ఊపిరి. చేపలు మొప్పలతో నీటిలోని ప్రాణవాయువును తీసుకుంటాయి. టార్పన్‌కు మొప్పలతో పాటు, గొంతుకు కలిసి ఉన్న గాలితిత్తి కూడా ఊపిరితిత్తిలా పనిచేస్తుంది. అందుకని అప్పుడప్పుడూ పైకి వచ్చి, గాలి గుటకవేసి, వీపు తళుక్కుమనేలా దొర్లి లోపలికి వెళ్తుంది. ఈ దొర్లడం వేటగాడికి మూడు సంగతులు చెబుతుంది. చేప ఎక్కడుందో, ఎటు పోతోందో, ఎంత తీరికగా ఉందో. నెమ్మదిగా, ఒకే దిక్కుగా దొర్లే మంద ఎర తీసుకునే అవకాశం ఎక్కువ. చటుక్కున లేచి చటుక్కున మునిగే చేప బెదిరిపోయి ఉంటుంది. దానికి గాలం వేయడం అనవసరం.

ఈ ఊపిరి వల్లే టార్పన్ పిల్లలు ఇతర చేపలు బతకని నిలవ నీళ్లలో పెరుగుతాయి. తల్లి చేపలు ఒడ్డుకు దూరంగా సముద్రంలో గుడ్లు పెడతాయి. గుడ్డు చిట్లి వచ్చే పిల్ల మొదట చేపలా ఉండదు. పారదర్శకమైన సన్నని రిబ్బను ముక్కలా అలలతో కొట్టుకొస్తూ మొగల్లోకి, అక్కడినుంచి మడ పొదల మడుగుల్లోకి, గెడ్డల్లోకి చేరుతుంది. పోటు నీటితో రొయ్యల చెరువుల్లోకీ వచ్చేస్తుంది. అక్కడ రొయ్య పిల్లలను తింటుంది కాబట్టి రైతు దాన్ని శత్రువుగానే చూస్తాడు. అట్లాంటిక్ టార్పన్ ఆడ చేప ఈడుకు రావడానికి పదేళ్ల వరకూ పడుతుంది. యాభై ఏళ్లు దాటి బతికినవీ ఉన్నాయి. ఇంత ఆలస్యంగా పెరిగే చేపను చంపుకుంటూ పోతే తీరం త్వరగా ఖాళీ అవుతుంది. ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం ఐయూసీఎన్ జాబితాలో అట్లాంటిక్ టార్పన్ ముప్పు ఎదుర్కొంటున్న (వల్నరబుల్) చేపల్లో చేరింది. మన కుండింగ గురించి మాత్రం తీర్పు చెప్పడానికి చాలినంత సమాచారమే లేదని ఆ జాబితా అంటోంది.

రాడ్డు, రీలు, దారం

కుండింగకు భారీ సామగ్రి అక్కర్లేదు. ఆరున్నర నుంచి ఏడు అడుగుల తేలిక రాడ్డు, 2500 లేదా 3000 సైజు స్పిన్నింగ్ రీలు, 10 నుంచి 15 పౌండ్ల బలమున్న అల్లిక దారం చాలు. దారం చివర రెండు మూడు అడుగుల లీడర్, అంటే 20, 25 పౌండ్ల నైలాన్ ముక్క తప్పనిసరి. టార్పన్‌కు కోరపళ్లు ఉండవు గానీ, దవడ అంచు గరుకుగా ఉంటుంది. పెనుగులాటలో అది అల్లిక దారాన్ని అరగదీస్తుంది. ఎర బతికున్న రొయ్య అయినా, వేలెడు కొయ్యింగ పిల్ల అయినా పనికొస్తుంది. బొమ్మ ఎర వాడేవారు దానికి వేలాడే మూడు కొక్కేల గాలాలను తీసేసి ఒంటి గాలం బిగించాలి. చేపను వదిలేటప్పుడు ఈ మార్పు విలువ తెలుస్తుంది.

వెదురు కర్రకు దారం కట్టి చెరువుగట్టున కూర్చునే పద్ధతి ఊళ్లలో అందరికీ అలవాటే. జెల్లలకూ పరిగెలకూ అది బంగారం లాంటి సాధనం. దానితో కుండింగ కూడా పడవచ్చు. కానీ పారే చేపకు దారం వదలగలిగే ఏర్పాటు ఆ కర్రకు లేదు. టార్పన్ వేటలో సగం విద్య దారం వదలడమే.

పెద్ద టార్పన్‌కు కొలతలు మారిపోతాయి. ఏడెనిమిది అడుగుల బలమైన రాడ్డు, 50 పౌండ్ల అల్లిక దారం మూడు వందల గజాలకు తగ్గకుండా పట్టే రీలు, 60 నుంచి 80 పౌండ్ల లీడర్, 6/0 నుంచి 8/0 సైజు సర్కిల్ హుక్. ఈకలు, వెంట్రుకలతో కట్టిన ఫ్లై ఎరతో పట్టేవారు 11, 12 నంబర్ల రాడ్లు వాడతారు. ఫ్లైతో 200 పౌండ్లు దాటిన మొదటి టార్పన్ 2001లో ఫ్లోరిడాలోని హోమోసాసా దగ్గర పడింది. ఆ హద్దు కోసం అక్కడివాళ్లు ఎన్నో ఏళ్లు ఎదురుచూశారు.

రీలులో ప్రాణం డ్రాగ్. చేప లాగినప్పుడు ఎంత బరువు దాటితే దారం జారాలో నిర్ణయించే బ్రేకు అది. వుడ్ కాలంలో రీలు లోపల ఈ ఏర్పాటు లేదు. తిరిగే చుట్ట మీద తోలు పట్టీ వేసి బొటనవేలితో అదిమేవారు. చేప పరుగుకు ఎదురు తిరిగే పిడి తగిలి వేళ్లు చితికేవి. ఇప్పటి వేటగాడికి ఆ బాధ లేదు, కొలత మాత్రం తప్పదు. దారం తెగే బలంలో నాలుగో వంతు దగ్గర డ్రాగ్ బిగించాలి. 50 పౌండ్లంటే 22 కిలోల పైమాట. కాబట్టి ఐదున్నర కిలోల దగ్గర దారం జారడం మొదలవ్వాలి. చేత్తో లాగి అంచనా వేసేవారు చాలామంది ఉన్నారు, దాదాపు అందరూ పొరబడతారు. స్ప్రింగు త్రాసు కొక్కేనికి దారం కొస కట్టి, రాడ్డును వేట భంగిమలో వంచి పట్టుకుని, దారం జారే క్షణాన ముల్లు ఎక్కడుందో చూడాలి.

ఊళ్లోనే చేయవలసిన సాధన

ఎర విసరడం నేర్చుకోవడానికి నీళ్లు అవసరం లేదు. కోత అయిపోయిన మడి, ఎండిన చెరువు, ఆటస్థలం ఏదైనా చాలు. గాలం లేకుండా పదిహేను గ్రాముల సీసం ముక్క కట్టి, ఇరవై అడుగుల దూరంలో సైకిల్ టైరు పెట్టి, సీసం టైరు లోపల పడేలా విసరాలి. చేయి కుదిరిన కొద్దీ దూరం పెంచాలి. పైనుంచి విసరడం ఒక్కటే వస్తే చాలదు. పక్కనుంచి, తక్కువ ఎత్తులో, ఎదురుగాలిలో కూడా రావాలి. సీసం చప్పుడు లేకుండా దిగాలంటే, నేల తాకే ముందు వేలితో దారాన్ని ఆపాలి. మొగలో తేట నీళ్ల మీద ఎర టప్పున పడితే మంద మొత్తం చెల్లాచెదురవుతుంది. అందుకే దూరం కంటే ఈ మెత్తదనం ముఖ్యం.

రెండో సాధనకు తోడు కావాలి. ఒకరు రాడ్డు పట్టుకుంటే, ఇంకొకరు దారం కొస పట్టుకుని పరుగెత్తాలి, ఉన్నట్టుండి ఆగాలి, వెనక్కి తిరగాలి. పరుగెత్తేటప్పుడు రీలు తిప్పకుండా ఉండటం, ఆగగానే తిప్పడం, వెనక్కి వస్తే వదులు లేకుండా వేగంగా చుట్టడం, ఈ మూడూ ఆలోచించకుండా చేతికి రావాలి. ముడులు చీకట్లో కూడా పడేలా ఇంట్లోనే అలవాటు చేసుకోవాలి. అల్లిక దారాన్ని లీడరుకు కలిపే ముడి అన్నిటికంటే కష్టం. ముడి వేసిన ప్రతిసారీ ఉమ్మితో తడిపి, నెమ్మదిగా బిగించి, చేతికి గుడ్డ చుట్టుకుని లాగి చూడాలి. పొడిగా బిగించిన నైలాన్ ముడి రాపిడి వేడికే బలహీనపడుతుంది.

చోటు, వేళ

మొగల దగ్గర వేట ఆటుపోట్లను పట్టి నడుస్తుంది. ఉత్తరాంధ్ర తీరంలో అమావాస్యకూ పున్నమికీ నీరు మీటరు దాటి ఎక్కి దిగుతుంది. నీరు కదులుతున్నప్పుడు చిన్న చేపలు, రొయ్యలు దానితో కొట్టుకొస్తాయి. వాటి కోసం కుండింగలు వాలు మళ్లే చోట్ల కాచుకుంటాయి. వంతెన స్తంభాల వెనక, ఇసుక మేట కొస, రెండు పాయలు కలిసే చోటు, తూము నోరు, ఇవీ చూడవలసిన చోట్లు. పోటు నిండాక, ఆటు మొదలైన తొలి గంటలు మంచివి. నీరు పూర్తిగా నిలిచిపోయిన సమయంలో రాడ్డు పక్కన పెట్టి కళ్లకు పని చెప్పడం మేలు. ఎక్కడ వీపు తళుక్కుమంటుందో అక్కడే తర్వాతి గంటలో ఎర పడాలి.

వేళల్లో తెల్లవారుజాము, మునిమాపు శ్రేష్ఠం. దీపాలున్న వంతెనల కింద రాత్రి కూడా బాగుంటుంది. వెలుతురు అంచున, నీడ వైపు చేప నిలబడి ఉంటుంది. కాబట్టి ఎర వెలుతురులో పడి నీడలోకి రావాలి. నాగావళి, వంశధారలకు వరద వచ్చిన రోజుల్లో మొగలు బురదమయం. కంటితో వేటాడే చేపకు ఆ నీళ్లలో ఎర కనబడదు. వేసవిలో చిన్న నదుల మొగలు ఇసుక మేటలతో సన్నబడతాయి. నదుల మీద ఆనకట్టలు కట్టాక ఎగువకు ఎక్కే చేపలకు దారి కురచైంది. కుండింగ పిల్లలకు మిగిలింది ఆనకట్ట దిగువ భాగమే.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవలతో వేట నిషేధం. ఒడ్డున నిలబడి రాడ్డు వేసేవారికి అది నేరుగా వర్తించకపోయినా, పడవ మాట్లాడుకుని వెళ్లాలనుకునేవారు ఆ రోజులు వదులుకోవాలి. జలాశయాల్లో, చెరువుల్లో వేట హక్కు మత్స్యకార సహకార సంఘాలకో, పాటదారులకో ఉంటుంది. అడగకుండా గాలం వేయకూడదు. మొగల దగ్గర ఊరి మత్స్యకారులు వల దించే చోటు, దించే వేళ కనుక్కుని దానికి దూరంగా నిలబడాలి. వాళ్లకు అది అన్నం. పైగా ఆ నీటి గురించి వాళ్లకు తెలిసినంత ఏ పుస్తకమూ చెప్పలేదు.

ప్రమాదాల సంగతి ముందే తెలిసి ఉండాలి. మొగలో వాలు పైకి కనిపించినంత నెమ్మదిగా ఉండదు. మొలలోతు దాటి దిగకూడదు. ఇసుకలో టేకు చేప పడుకుని ఉంటుంది. కాలెత్తి అడుగువేస్తే తోక ముల్లు దిగుతుంది కాబట్టి పాదాలు ఈడ్చుకుంటూ నడవాలి. అన్నిటికంటే ముఖ్యంగా, దారాన్ని ఎప్పుడూ చేతికి చుట్టుకోకూడదు. 2025 జులైలో అనకాపల్లి జిల్లా పూడిమడక నుంచి వేటకు వెళ్లిన ఒక మత్స్యకారుణ్ణి గాలానికి తగిలిన కొమ్ము కోనాం సముద్రంలోకి లాక్కుపోయింది. పుట్టుకతో సముద్రం తెలిసినవాళ్లకే పెద్ద చేప ముందు క్షణం తేడా ప్రాణాంతకమైతే, కొత్తవారు ఎంత జాగ్రత్తగా ఉండాలో వేరే చెప్పనక్కర్లేదు.

ఎర అందుకున్న క్షణం

టార్పన్ వేటలో ఎక్కువ చేపలు పోయేది ఇక్కడే. చెరువుగట్టున పెరిగినవారికి బెండు మునగ్గానే కర్ర పైకి లాగడం రక్తంలో ఉంటుంది. పరిగె పెదవి మెత్తన, ఆ లాగుడు చాలు. టార్పన్ ఎరను పీల్చుకుని నోరు మూస్తుంది. ఆ సమయంలో పైకి లాగితే గాలం ఎముక మీద గీసుకుంటూ బయటికి వచ్చేస్తుంది. చేప ఉన్నచోటనే ఉంటుంది, ఎర మాత్రం గాలిలో ఊగుతుంది.

సర్కిల్ హుక్ కొన లోపలికి, దాదాపు తన కాడ వైపే తిరిగి ఉంటుంది. నోటి లోపల ఎక్కడపడితే అక్కడ గుచ్చుకోదు. చేప ఎరతో మళ్లి పోతున్నప్పుడు దారం బిగుసుకుంటే, గాలం జారుతూ వచ్చి దవడ మూల దగ్గర తిరిగి, అక్కడ దిగుతుంది. కాబట్టి వేటగాడు చేయవలసింది లాగడం కాదు. రాడ్డు కొన చేప వైపే ఉంచి, దారంలో వదులు పోయేదాకా రీలు నిదానంగా తిప్పుతూ, బరువు తగిలినా ఆపకుండా తిప్పుతూనే ఉండాలి. రాడ్డు తనంతట తాను వంగి, రీలు కూయడం మొదలయ్యాకే ఎత్తాలి. అలా రెండు మూడు సెకన్లు చేతిని ఆపుకోవడం ఎంత కష్టమో ఒక్కసారి ప్రయత్నించినవారికి తెలుస్తుంది. ఎర కదిలినప్పుడు ఏం చేయాలో పక్కన ఒకరు గట్టిగా చెబుతూ ఉండటం కొత్తవారికి బాగా సాయపడుతుంది.

మామూలు గాలం, బొమ్మ ఎర, ఫ్లై వాడేటప్పుడు సంగతి వేరు. అక్కడ కొన బయటికి ఉంటుంది కాబట్టి గట్టిగా గుచ్చాలి. అయినా రాడ్డు పైకెత్తి కాదు. దారాన్ని తన వైపు సూటిగా, బలంగా లాగాలి. అప్పుడు గాలం నోరు దాటి పైకి రాకుండా, ఉన్నచోటే లోపలికి దిగుతుంది.

ఎగిరినప్పుడు

గాలం దిగిన మొదటి నిమిషంలోనే టార్పన్ ఎగురుతుంది. పెద్ద చేప తన పొడవంత ఎత్తు లేచి, తల అటూ ఇటూ విదిలిస్తూ, మొప్పల కప్పులు టపటపలాడిస్తూ పక్కకు పడుతుంది. చూసేవారికి అది పండగ. దారానికి మాత్రం అదే గండం. నీళ్లలో ఉన్నంతసేపూ చేప బరువును నీరు మోస్తుంది. గాలిలోకి లేవగానే ఆ బరువంతా దారం మీదా, గాలం దిగిన చిన్న చోటు మీదా పడుతుంది. బిగుసుకున్న దారం మీద యాభై కిలోలు విదిలిస్తే ఏదో ఒకటి తెగాలి, లేదా గాలం ఊడాలి.

అందుకని చేప లేవగానే వేటగాడు వంగాలి. నడుము వంచి, చేతులు ముందుకు చాచి, రాడ్డు కొనను చేప వైపు దించితే దారం ఒక్క క్షణం వదులవుతుంది. అది నీళ్లలో పడిన మరుక్షణం నిటారుగా లేచి వదులు తీసేయాలి. అమెరికాలో దీన్ని రాజుకు దండం పెట్టడం అంటారు. గాలిపటం ఎగరేసే పిల్లవాడు గాలి కొట్టినప్పుడు దారం వదిలి, తగ్గగానే బిగించినట్టు, ఇదీ చేతి వాటంగా రావాలి. దారం నీళ్లలోకి దిగే కోణం పైకి లేస్తుంటే చేప పైకి వస్తోందని అర్థం. ఎగరకముందే ఆ గుర్తు పట్టినవాడికి వంగడానికి సమయం చిక్కుతుంది. ఎగిరాక చూసి వంగేవాడు తరచు ఆలస్యమవుతాడు. కుండింగ కూడా తన స్థాయిలో ఇలాగే ఎగురుతుంది. తన పొడవును మించిన ఎత్తు లేస్తుంది. తేలిక రాడ్డుతో దాని ముందు వంగడం నేర్చినవాడికి పెద్ద టార్పన్ ఎదుట చేతులు తడబడవు.

పెనుగులాట

మొదటి పరుగును ఆపడానికి ప్రయత్నించకూడదు. డ్రాగ్ సరిగ్గా కొలిచి పెట్టి ఉంటే, దారం జారుతూనే చేపను అలసటకు గురిచేస్తుంది. పరుగు నిలిచిన తర్వాత మాత్రం ఒక్క క్షణం కూడా విశ్రాంతి ఇవ్వకూడదు. టార్పన్ పైకి వచ్చి గాలి మింగిందంటే మళ్లీ బలం పుంజుకుంటుంది. గాలికోసం తల ఎత్తుతున్నప్పుడు రాడ్డును నీళ్లకు సమాంతరంగా, తక్కువ ఎత్తులో పట్టి, అది పోతున్న దిక్కుకు వ్యతిరేకంగా పక్కకు లాగాలి. తల తిరిగితే ఒళ్లంతా తిరగాలి. ఒళ్లు తిప్పడానికి దానికి ఎక్కువ శక్తి కావాలి. రాడ్డు నిలువుగా ఎత్తి పట్టుకుంటే చూడటానికి వేటలా ఉంటుంది గానీ, చేప తల పైకి లేచి గాలి అందుతుంది. గంటల తరబడి సాగే పోరాటాలకు సాధారణంగా కారణం ఇదే.

గంటల పోరాటం గొప్ప కాదు. అరగంటలో తేలకపోతే సామగ్రి తేలికైనా అయ్యుండాలి, లాగే తీరైనా తప్పై ఉండాలి. అలసి సొలసిన టార్పన్‌ను సొరచేపలు వెంటాడతాయి. ఫ్లోరిడాలోని బోకా గ్రాండే జలమార్గంలో సుత్తి తల సొరలు ఇందుకోసమే తిరుగుతుంటాయి. సొర కనిపించగానే డ్రాగ్ పూర్తిగా వదిలేసి చేపకు పారిపోయే అవకాశం ఇవ్వాలి, అవసరమైతే దారం కోసేయాలి. ఫొటో కోసం ఆ నిమిషంలో వెనకాడేవారికి ఈ క్రీడ తగదు.

వదలడం

కుండింగను వదిలేటప్పుడు చేతులు ముందు నీళ్లలో తడపాలి. పొడి చేయి పొలుసుల మీది జిగటను తుడిచేస్తుంది, అక్కడ పుండు పడుతుంది. గాలం ఎదురుముల్లును ఇంటి దగ్గరే పటకారుతో నొక్కి పెట్టి ఉంటే, చేపను నీళ్లలోనే ఉంచి ఒక్క మెలికతో తీసేయవచ్చు. మొప్పల్లో వేళ్లు పెట్టకూడదు. తినదలచినవారు ఒకటి ఉంచుకోవడంలో తప్పు లేదు. ముళ్లు ఎక్కువే అయినా మన తీరంలో దీన్ని తింటారు. కానీ గుప్పెడు పిల్ల చేపలను సంచిలో వేసుకుపోతే ఆ మడుగుకు అది తీరని నష్టం.

పెద్ద టార్పన్‌ను పడవలోకి ఎత్తడమంటే దాన్ని చంపడమే. నీళ్లు మోసే ఒంటిని దవడ పట్టుకుని నిలువునా వేలాడదీస్తే లోపలి అవయవాలు దెబ్బతింటాయి. పడవ పక్కన, దవడ కింద చేయి ఆనించి, తల వాలుకు ఎదురుగా ఉంచాలి. మొప్పల గుండా నీరు ఆడేలా పడవ నెమ్మదిగా కదిలితే ఇంకా మంచిది. తోక తనంతట తాను బలంగా ఊపాకే వదలాలి. ముందే వదిలితే తిరగబడి మునుగుతుంది.

ఫ్లోరిడా చట్టం కూడా ఈ దారిలోనే ఉంది. 2013 నుంచి అక్కడ టార్పన్‌ను పట్టి వదలాల్సిందే. 40 అంగుళాలు దాటినదాన్ని నీళ్లలోంచి ఎత్తకూడదు. ఐజీఎఫ్ఏ రికార్డు కోసం ప్రయత్నించేవారు మాత్రమే, 50 డాలర్ల చిల్లర పెట్టి ట్యాగ్ కొనుక్కుని ఒకదాన్ని ఉంచుకోవచ్చు. అదీ మనిషికి ఏడాదికి ఒక్కటే. ఫ్లోరిడాలోని టాంపా చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు బాగా స్థిరపడ్డాయి. 2025 జులైలో ఉత్తర అమెరికా తెలుగు సొసైటీ (నాట్స్) వారి అమెరికా తెలుగు సంబరాలు జరిగిందీ అక్కడే. పిల్లల దగ్గరికి వేసవిలో వెళ్లే విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల తల్లిదండ్రులకు ఇది కలిసొచ్చే కాలం. బోకా గ్రాండేలో టార్పన్ జోరు ఏప్రిల్ చివరి నుంచి జులై దాకా. టాంపా నుంచి కారులో రెండు గంటల పైన ప్రయాణం. లైసెన్సు ఉన్న గైడు పడవలో ఎక్కితే విడిగా లైసెన్సు అక్కర్లేదు. ఒడ్డున నిలబడి వేసేవారు తీసుకోవాలి. గైడును మాట్లాడుకునేటప్పుడు సర్కిల్ హుక్ వాడతారా, చేపను నీళ్లలోనే వదులుతారా అని ముందే అడగడం మంచిది.

వేట ముగిశాక సామగ్రి పని మిగులుతుంది. ఉప్పునీరు రీలును వారంలో తినేస్తుంది. ఇంటికి రాగానే డ్రాగ్ కొద్దిగా బిగించి, ధార కాకుండా తుంపరగా మంచినీళ్లు పోసి కడగాలి. ధార పోస్తే ఉప్పు లోపలికి పోతుంది. తుడిచి ఆరాక డ్రాగ్ పూర్తిగా వదులు చేసి దాచాలి, లేకపోతే లోపలి బిళ్లలు అతుక్కుపోతాయి. లీడరులో గరుకు తగిలిన భాగాన్ని కోసి పారేసి, మళ్లీ వెళ్లేముందు కొత్త ముడి వేసుకోవాలి. కోసిన నైలాన్ ముక్కలు మాత్రం ఒడ్డున వదిలిరాకూడదు. ఆ ఇసుక మీదికే ప్రతి ఏటా తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి.